మావాడు కక్కినాడు, పొద్దున దాకా ఆగొచ్చా? కుక్క వాంతుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను. అనంతపురంలో పద్దెనిమిదేళ్లుగా కుక్కలతో వేగుతున్నవాణ్ణి, అంతే. మా వీధిలో, చుట్టాల్లో ఎవరి కుక్కకు బాగాలేకపోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది. అది కూడా ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే. "అన్నా, మావాడు పొద్దున్నుంచీ కక్కుతున్నాడు, ఇప్పుడేం చేయాల?" అంటారు. పొద్దున్నుంచీ కక్కుతుంటే పొద్దున్నే అడగొచ్చు కదప్పా అని అడిగితే, తగ్గుతాదేమో అనుకున్నాం అంటారు. వాళ్లు అడిగినవి, డాక్టర్ల దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కసారి కక్కింది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలా?

పెద్ద కుక్క, టీకాలన్నీ పడ్డాయి, ఒకటి రెండు సార్లు కక్కి మళ్లీ తోక ఊపుతూ తిరుగుతోంది, నీళ్లు తాగితే నిలుస్తున్నాయి అనుకోండి. అప్పుడు ఇంట్లోనే కనిపెట్టి చూడొచ్చు. కుక్కకు కక్కడం మనకంత పెద్ద విషయం కాదు. ఆబగా మింగినా, గడ్డి మేసినా, బల్లిని పట్టి తిన్నా కక్కేస్తుంది. కక్కినదాన్నే మళ్లీ తినబోతుంది కూడా. అసహ్యంగా ఉన్నా అది జబ్బు కాదు. గబగబా తుడిచేయండి.

ఆరు నుంచి ఎనిమిది గంటలు తిండి పెట్టకండి. నీళ్ల గిన్నె కూడా నిండుగా పెట్టొద్దు. కక్కిన కుక్క దాహంతో గిన్నె మొత్తం తాగేసి మళ్లీ కక్కుతుంది, మనకేమో జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. ఓ గంట ఆగి, అరగంటకోసారి రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి. అవి నిలిస్తే కొంచెం పెంచండి. ఈ పస్తు పద్ధతి పెద్ద కుక్కలకు మాత్రమే. పిల్లలకు, షుగర్ జబ్బున్న కుక్కలకు వద్దు.

ఏం కనిపిస్తే ఆ నిమిషమే బయల్దేరాలి?

కక్కినదాంట్లో రక్తం ఉన్నా, కాఫీ పొడి కలిపినట్టు ముదురు గోధుమ రంగులో ఉన్నా ఆగొద్దు. రెండోది కూడా రక్తమే, కడుపులో కాసేపు ఉండి రంగు మారిందంతే. విరేచనం తారులా నల్లగా జిగటగా ఉన్నా అదే అర్థం. తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, లేచి నిలబడలేకపోవడం, ఫిట్స్ రావడం, కళ్లు పచ్చబడటం, విషం తిన్నదన్న అనుమానం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండి తీయండి.

ఇంకొకటి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందులో అసలు వాంతే ఉండదు. కుక్క డోకుతూనే ఉంటుంది, నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట డప్పులా బిగుస్తుంది. కుదురుగా పడుకోలేదు, అటూ ఇటూ తిరుగుతుంది. అది కడుపు గాలితో ఉబ్బి మెలిపడటం. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎక్కువగా వస్తుంది. మెలిపడితే ఆపరేషన్ తప్ప దారి లేదు, గంటల్లో ప్రాణం పోతుంది. "ఏమీ కక్కడం లేదు కదా, గ్యాస్ అయ్యుంటుంది" అని వాము నీళ్లు తాగిస్తూ కూర్చునేది ఇక్కడే.

అంత ప్రమాదంగా లేదు, అలాగని బాగా కూడా లేదు. పొద్దున దాకా ఆగొచ్చా?

అందరూ అడిగేది ఇదే. జవాబు కుక్కను బట్టే కాదు, గడియారాన్ని బట్టి కూడా ఉంటుంది.

మన ఊళ్లలో రాత్రిపూట పశువుల డాక్టరు దొరకడం కష్టం. ప్రభుత్వ పశువైద్యశాలకు వేళలుంటాయి. ప్రైవేటు డాక్టర్లు ఉన్నా, అర్ధరాత్రి స్కానింగో ఆపరేషనో కావాలంటే అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూస్తారు. రెండూ 44వ నంబరు హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైమాటే. కడప వాళ్లకు తిరుపతి ఉంది, అదీ దగ్గరేం కాదు. మూడు నాలుగు గంటల ప్రయాణం పట్టే చోట "ఇంకాసేపు చూద్దాం" అనడమంటే ఆ గంటల్ని కూడా కలుపుకుని ఆగడమే.

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. పొద్దున్నుంచి మూడుసార్లకు మించి కక్కితే, లేదా రెండుసార్లే కక్కినా డల్లుగా ఓ మూల పడుకుని తిండి వాసన కూడా చూడకపోతే, సాయంత్రం ఆరు లోపల డాక్టరుకు చూపించేస్తాను. చీకటి పడ్డాక తేల్చుకుందామని పెట్టుకోను. శనివారమైతే ఇంకా ముందే. వాంతులు ఒక రోజు దాటి సాగితే కుక్క ఎంత హుషారుగా ఉన్నా సరే, చూపించాల్సిందే.

మొదలైందే రాత్రయితే? పై ప్రశ్నలోని గుర్తులేవీ లేకుండా, కక్కి నిద్రపోతూ, పిలిస్తే తల ఎత్తి చూస్తుంటే పొద్దున దాకా ఆగొచ్చు. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి చిగుళ్లు చూడండి. డాక్టరుగారి నంబరు మీ దగ్గర ఉంటే అర్ధరాత్రి అని మొహమాటపడకుండా ఒక్కసారి చేయండి. ఎత్తకపోతే ఎత్తరు, అంతేగా.

చిగుళ్లు చూడమంటారు, ఏం చూడాలి?

పై పెదవి ఎత్తండి. బాగున్న కుక్కకు చిగురు లేత గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్ల లోపల మళ్లీ రంగు వస్తుంది. రంగు తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టినా, చిగురు వేలికి జిగురుగా అంటుకున్నా ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. భుజాల మధ్య చర్మం పట్టి ఎత్తి వదిలినప్పుడు వెంటనే సర్దుకోకపోయినా అంతే. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడాలి.

జ్వరం చూడాలంటే ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది పనికిరాదు. డిజిటల్ థర్మామీటరుకు కొంచెం వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. మన 98.6తో పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

పొద్దున లేవగానే పచ్చటి పసరు కక్కుతోంది, తర్వాత మామూలుగానే ఉంటోంది.

రాత్రి ఏడింటికి తిని పొద్దున ఎనిమిది దాకా ఖాళీ కడుపుతో ఉండే కుక్కల్లో ఇది తరచూ చూస్తాం. పడుకునే ముందు కొంచెం తిండి పెట్టి చూడండి, చాలావాటికి దాంతోనే ఆగిపోతుంది. ఆగకుండా వారంలో మూడు నాలుగుసార్లు వస్తున్నా, బరువు తగ్గుతున్నా చూపించండి.

కక్కడానికీ, తిన్నది వెనక్కి రావడానికీ తేడా ఏంటి?

కక్కేముందు కుక్క పెదాలు నాకుతుంది, చొంగ కారుస్తుంది, పొట్ట ఎగదన్ని డోకుతుంది. వెనక్కి రావడమంటే ఇవేవీ లేకుండా, తల దించగానే అరగని తిండి జారిపడటం. రెండోది తరచూ జరిగితే అన్నవాహికలో తేడా ఉన్నట్టు. అప్పుడు చేసే పరీక్షలు వేరు, వైద్యం వేరు. ఫోన్లో వీడియో తీసి పెట్టుకుంటే డాక్టరు చూడగానే చెప్పేస్తారు.

రెండు నెలల పిల్లను తెచ్చుకున్నాం. నిన్నటి నుంచి కక్కుతూ, విరేచనాలు చేస్తోంది.

చదవడం ఆపి ముందు బయల్దేరండి. తిరిగొచ్చాక మిగతాది చదవొచ్చు.

మన వైపు కుక్కపిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది పార్వో వైరస్. నెలన్నర నుంచి ఆరు నెలల మధ్య పిల్లలకు ఎక్కువగా వస్తుంది. ముందు డల్లుగా ఉంటుంది, తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ వెనక రక్తం కలిసిన విరేచనాలు. ఆ కంపు ఒకసారి పీల్చినవాళ్లు జన్మలో మర్చిపోరు. దీనికి విరుగుడు మందంటూ పెద్దగా లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటే పిల్ల తనే పోరాడి గట్టెక్కుతుంది. వైద్యం అందితే చాలా పిల్లలు బతుకుతాయి, ఇంట్లో ఉంచుకుంటే చాలావరకు చచ్చిపోతాయి. ఒక్క రోజు ఆలస్యం కూడా తేడా చేస్తుంది, ఎందుకంటే అంత చిన్న ఒంట్లో ఉండే నీరూ, చక్కెరా ఎంతని?

పిల్లను అమ్మినవాళ్లు "ఒక టీకా వేయించాం సార్, ఇంకేం భయం లేదు" అంటారు. ఒక్క టీకాతో కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ పదహారు వారాల దాకా తీసుకెళ్లాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ కొన్నాళ్లు టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకూ ఒక్కోలా ఉంటుంది, అందుకే అన్నిసార్లు. అప్పటిదాకా వీధిలో తిప్పకండి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్ చల్లితే సరిపోదు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగాలి.

అన్నీ పార్వోనే కావు. సేమ్యాలాంటి తెల్లటి పురుగులు కక్కితే అవి ఏలిక పాములు. చూసేవాళ్లకు భయమే కానీ, పిల్ల హుషారుగా ఉంటే మర్నాడు తీసుకెళ్లి, బరువు చూసి పురుగుల మందు వేయించండి.

తోట దగ్గర కాపలా కుక్క. చేలో ఏం తిన్నదో తెలియదు.

దీనికి మాత్రం కొంచెం పెద్ద జవాబు కావాలి. పట్నం కుక్కలకు లేని ప్రమాదాలు మన చేలల్లో చాలా ఉన్నాయి.

మొదటిది పురుగుమందు. పత్తికీ మిరపకీ కొట్టే మందుల్లో కొన్ని నరాల మీద పనిచేస్తాయి. కుక్క కక్కడంతో పాటు చొంగ ధారగా కారుతుంది, కళ్లలో నీళ్లు, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం కనిపిస్తాయి. దీనికి విరుగుడు ఇంజెక్షన్లున్నాయి, కానీ డాక్టరు దగ్గరికి చేరాలి. ఒంటి మీద మందు పడి ఉంటే చేతులకు గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో కడిగి తీసుకెళ్లండి.

రెండోది ఎలుకల మందు, ఇందులో రెండు రకాలు. నల్లటి బూడిదలాంటి పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని ఆమ్లం తగిలితే విషవాయువు పుడుతుంది. వాంతి వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తుంది. ఆ వాయువు మనకూ ప్రమాదమే. ఆటోలో అయినా కారులో అయినా అద్దాలు తెరిచి వెళ్లండి, కక్కినదాని మీదికి వంగి వాసన చూడకండి. పాలో అన్నమో పెడితే విషం విరుగుతుందని పెడతారు, కడుపులో ఆమ్లం ఇంకా ఊరుతుంది. రెండో రకం బిస్కెట్లలా కేకుల్లా అమ్మే బ్రోమాడయోలోన్ లాంటివి. తిన్న రోజు కుక్క బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు మూడు రోజుల తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. కక్కలేదు కాబట్టి ఏం కాలేదనుకుంటే మోసపోతాం. తిన్నట్టు తెలిసిన రోజే తీసుకెళ్తే విటమిన్ కె1తో కాపాడుకోవచ్చు.

మూడోది మన శనక్కాయలు. బాగున్నవి కొన్ని తింటే ఏం కాదు. బూజు పట్టినవీ, ఏరి పారేసిన పుచ్చువీ, తేమ తగిలిన గానుగ చెక్కా వేరు. పంట చివర్లో వాన లేక ఎండితే శనక్కాయకు పట్టే ఒక రకం బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కుక్కలకు అది అస్సలు పడదు, నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిండి మానేయడం, వాంతులు, తర్వాత కళ్లూ చిగుళ్లూ పచ్చబడటం. వేయించినా ఉడికించినా ఆ విషం పోదు. మనుషులకు పనికిరావని పక్కన పోసినవి కుక్కకు వేసే అలవాటు మా ఇంట్లో కూడా ఉండేది.

ఆముదం చెక్కను కుండీలకు ఎరువుగా వేసేవాళ్లు కూడా జాగ్రత్త. కుక్కలు ఆ వాసనకు తవ్వుకుని తింటాయి. ఆముదం గింజలోని విషం చెక్కలో ఉండిపోతుంది. ఇంటి ముందు గన్నేరు కూడా అంతే, ఆకు నుంచి వేరు దాకా గుండెకు విషం.

చివరగా పాము. కాపలా కుక్క ఉన్నట్టుండి కక్కి, తూలుతూ, మూతి గానీ కాలు గానీ వాచి ఉంటే పాము కాటేమో అనుకుని నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

మామిడి టెంక మింగింది. దానంతట అదే వస్తుందా?

నా సొంత తప్పు చెప్తాను. ఒక వేసవిలో మా జిమ్మీ బంగినపల్లి టెంక మింగేసింది. మేం చూడలేదు. మొదటి రోజు రెండుసార్లు కక్కింది, సాయంత్రానికి బాగుంది. రెండో రోజు మళ్లీ. మందుల షాపులో అడిగితే మనుషులకిచ్చే వాంతుల మాత్రే సగం వేయమన్నారు, వేశాను. వాంతులు ఆగాయి. నేను సంతోషంగా పడుకున్నాను. ఆగింది వాంతి, టెంక పేగులో అడ్డంగానే ఉంది. మూడో రోజు పొద్దునకు లేవలేకపోయింది. బెంగళూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. పేగు ఇంకో పూట ఆగి ఉంటే కుళ్లిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. జిమ్మీ ఆ తర్వాత ఐదేళ్లు బతికింది, మామిడిపళ్ల కాలంలో దాన్ని కట్టేసి తినేవాళ్లం.

కాబట్టి గుర్తుపట్టాల్సింది ఇది: తగ్గినట్టే ఉండి మళ్లీ కక్కడం, దాంతో పాటు విరేచనం రాకపోవడం, పొట్ట ముట్టుకుంటే ముడుచుకోవడం. టెంక, మొక్కజొన్న కంకి బెండు, సాక్సు, చికెన్ తెచ్చిన ప్లాస్టిక్ కవర్... మింగడం మీరు చూస్తే కక్కేదాకా ఆగకుండానే ఫోన్ చేయండి.

అయితే ఇంట్లో ఉన్న మాత్రలేవీ వేయకూడదా?

డాక్టరు బరువు అడిగి డోసు చెప్తే తప్ప వద్దు. ముఖ్యంగా పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్. జ్వరమని, నొప్పులని వేసే ఇవే కడుపులో పుండ్లు చేసి, కాలేయాన్నో మూత్రపిండాలనో దెబ్బతీసి, లేని వాంతుల్ని తెచ్చిపెడతాయి.

విషం తిన్నప్పుడు ఉప్పు నీళ్లు పోసి కక్కించమంటారు కదా?

వద్దు. ఉప్పు ఎక్కువైతే అదే ఫిట్స్ తెప్పించి చంపుతుంది. బాత్రూం యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగినప్పుడు కక్కిస్తే గొంతు రెండోసారి కాలుతుంది, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కక్కించాలో లేదో డాక్టరు తేలుస్తారు, దానికి వాళ్ల దగ్గర ఇంజెక్షన్ ఉంటుంది.

పండగ మర్నాడే ఎందుకు కక్కుతుంది?

ఉగాది మర్నాడు మన వైపు ఇంటింటా వేట మాంసం వండుతారు. కొవ్వు ముక్కలు, తోలు, ఎముకలు అన్నీ కుక్క గిన్నెలోకే. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా పడితే క్లోమం వాచిపోయే జబ్బు వస్తుంది. ముందు కాళ్లు చాపి, ఛాతీ నేలకు ఆన్చి, వెనక భాగం పైకెత్తి సాష్టాంగం చేస్తున్నట్టు ఉంటుంది. అది కడుపునొప్పి, వెంటనే చూపించాలి. పులుసులోనూ ఉగ్గానిలోనూ ఉండే ఉల్లిపాయ వేరే తంటా. ఎక్కువ తింటే నాలుగైదు రోజులకు రక్తం తగ్గిపోతుంది. పాయసంలో కిస్‌మిస్, పచ్చి ద్రాక్ష కొన్ని కుక్కలకు మూత్రపిండాల్ని పాడుచేస్తాయి, ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేం. చాక్లెట్ కుక్కకు విషమని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఎండల్లో వాకింగ్‌కు వెళ్లొచ్చి కక్కింది.

ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఎండ. విపరీతంగా రొప్పుతూ, నాలుక ఎర్రగా, చొంగ చిక్కగా, తూలుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టండి. అలా చల్లబరుస్తూనే ఆసుపత్రికి పోవాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకా తొందరగా తగులుతుంది.

ఆడకుక్క, ఆపరేషన్ చేయించలేదు. నీళ్లు బాగా తాగుతూ కక్కుతోంది.

ఎదకు వచ్చి ఒకటి రెండు నెలలైందా అని లెక్కపెట్టండి. అయితే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. కింద చీము కారితే తెలుస్తుంది, కారకపోతే ఇంకా ప్రమాదం. ఆ రోజే చూపించాలి. ముసలి కుక్క ఎక్కువ నీళ్లు తాగి ఎక్కువ మూత్రం పోస్తూ, బరువు తగ్గుతూ కక్కుతుంటే మూత్రపిండాలు చూపించుకోవాలి, రక్తపరీక్షతో తెలుస్తుంది. పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం, నీరసం, ముక్కులో రక్తం ఉంటే పిడుదుల జ్వరం అనుమానించి ఆ రోజే రక్తం పరీక్ష చేయిస్తారు.

ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏం చెప్పాలి?

దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో కుక్కల్నీ చూస్తారు. కడప జిల్లా వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. 1962 నంబరుకు చేస్తే వచ్చే సంచార వాహనాలు 2022లో మన రాష్ట్రంలో మొదలయ్యాయి. అవి ముఖ్యంగా పాడి పశువులూ గొర్రెల కోసం. పల్లెలో ఉంటే ఫోన్ చేసి కుక్కకు వస్తారా అని అడగడంలో తప్పు లేదు.

వెళ్లేటప్పుడు కక్కినదాని ఫోటో, టీకాల పుస్తకం, విషం అనుమానముంటే ఆ డబ్బానో కవరో పట్టుకెళ్లండి. ఎన్నింటికి మొదలైంది, ఎన్నిసార్లు, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది అన్నవి కాగితం మీద రాసుకోండి. ఏదైనా మాత్ర వేసి ఉంటే తిడతారని దాచొద్దు. నేను మొదట దాచాను.

వీధి కుక్క కక్కుతోంది. దగ్గరికి వెళ్లొచ్చా?

నీళ్లు దూరంగా పెట్టండి. మింగలేక చొంగ కారుస్తూ, గొంతు మారి, వింతగా ప్రవర్తిస్తుంటే రేబిస్ కావచ్చు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టే పని ఎప్పుడూ చేయకండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా పదిహేను నిమిషాలు సబ్బుతో కుళాయి నీళ్ల కింద కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించుకోండి.

వాంతులు తగ్గాయి. ఏం పెట్టాలి? సంగటి పెట్టొచ్చా?

ముందు మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన చికెన్ కలిపి పెట్టండి. తోలు, ఎముక, ఉప్పు, కారం ఏమీ ఉండకూడదు. ఒకేసారి గిన్నె నిండా కాకుండా రోజుకు నాలుగైదు సార్లు పిడికెడు పిడికెడు. మన మసాలా ముక్కల్ని నీళ్లలో కడిగి పెట్టేవాళ్లను చూశాను, కడిగితే కారం పోతుందేమో, ఉల్లి రసం పోదు. రెండు మూడు రోజులు ఇది నిలిచాక పాత తిండి కొంచెం కొంచెంగా కలుపుతూ రండి. సంగటి అలవాటున్న కుక్కకు నాలుగో రోజు నుంచి మెత్తగా, చల్లారాక చిన్న ముద్ద పెట్టొచ్చు. నాటుకోడి పులుసు లేకుండా అది తినదు అంటారా, ఇంకో రోజు అన్నమే పెట్టండి.